ముట్టుకుంటే చెరిగే మచ్చలు

మా వదిన బట్టను కళ్లతో చూడదు, వేళ్లతో చూస్తుంది. కళ్లకేం లోటు లేదు. వీధి చివర నడిచి వస్తున్న మా అన్నయ్య చొక్కాకు ఏ గుండీ ఊడిందో రెండో అంతస్తు బాల్కనీలోంచి చెప్పేస్తుంది. అయినా సరే, ఏ గుడ్డ ముక్క కనబడినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒకసారి రాసి చూస్తే తప్ప ఆమెకు నమ్మకం కుదరదు. మా అన్నయ్యను మొదటిసారి కలిసినప్పుడూ అంతే చేసింది. మాటల మధ్యలో అతని చొక్కా చెయ్యి పట్టుకుని, "ఇది మీది కాదు కదండీ? చేతులు లోపలికి మడిచి కుట్టారు. దీని సొంతదారు మీకన్నా పొడుగు" అందట. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న చొక్కా అది. అన్నయ్య అక్కడికక్కడే చిత్తయిపోయాడు. దొరికిపోయిన దొంగకు పట్టుకున్న పోలీసు మీద ప్రేమ పుట్టడం నేను వినడం అదే మొదటిసారి.

వదిన పని రఫూ. చిల్లు మీద గుడ్డ ముక్క వేసి కుట్టేస్తే అది అతుకు. రఫూ అది కాదు. అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగాలి, వాటిని చిల్లు పడ్డ చోట నిలువుగా, అడ్డంగా ఒక్కొక్కటే అల్లాలి. చివరికి అక్కడ చిల్లు అనేదే ఎప్పుడూ లేదనిపించాలి. ఎంత బాగా చేస్తే చేసిన పని అంత కనబడకుండా పోతుంది. అలాంటి పని నన్ను చచ్చినా చేయమనకండి. నేను రెండు గిన్నెలు కడిగితే ఆ సంగతి ఇంట్లో అందరికీ, వీలైతే కింది అంతస్తు వాళ్లకు కూడా తెలియాలి.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు. ఆడపడుచుని. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ లెక్కన మా వదినకు ఒకటిన్నర మొగుళ్లు. పూర్తి మొగుడైన మా అన్నయ్య స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దస్తమానం పిల్లల అరుపులు విని ఇంటికొస్తాడు కాబట్టి ఇంట్లో నోరు తెరవడు. అందుకని ఆ లోటు కూడా సగం మొగుడే పూడ్చాల్సి వస్తోంది. నేను గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే బల్ల దగ్గర పనిచేస్తాను. అక్కడ రోజంతా "నిశ్శబ్దం" అన్న బోర్డు కింద కూర్చుంటాను కాబట్టి, ఆ బాకీ అంతా ఇంటికొచ్చి వదిన దగ్గర తీర్చుకుంటాను.

వదిన పనిచేసే చోటు వీధి మలుపులో ఉన్న డ్రై క్లీనింగ్ దుకాణం. ముందు కౌంటరు. కౌంటరు వెనక కొయ్య దండేలకు వరసగా వేలాడే కోట్లు, శాలువాలు. ఇంకా వెనక్కి వెళితే ఆవిరి బుసలు కొట్టే ఇస్త్రీ గది. వీటన్నిటికీ పక్కగా, పొడుగాటి కిటికీ కింద వదిన బల్ల. ఆ కిటికీలోంచి ఎండ ఎప్పుడూ నేరుగా పడదు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఒకే తీరుగా, పాలు పోసినట్టు తెల్లటి వెలుతురు వస్తుంది. నల్ల కోటు మీద నల్ల పోగును నడపాలంటే అలాంటి వెలుతురే కావాలి. ఎండయితే పోగు మెరుస్తుంది, బల్బయితే పోగు మాయమవుతుంది. వదిన ఆ కిటికీ గురించి మాట్లాడే తీరు వింటే, పుట్టింటివాళ్లు పెట్టిన నగ గురించి చెబుతోందనుకుంటారు.

దుకాణం యజమానిని ఎదురుగా "సార్" అంటాం, ఇంట్లో "గంజిగారు" అంటాం. ఆయన చొక్కా కాలరు ఎంత గట్టిగా ఉంటుందంటే, ఎవరైనా పిలిస్తే మెడ తిప్పడం కుదరక మనిషే మొత్తంగా తిరుగుతాడు. మంచివాడే, కానీ భయస్తుడు. దుకాణానికి చెడ్డపేరు వస్తుందేమోనన్న భయం ఆయనకు నిద్రలో కూడా పోదని కౌంటరు దగ్గర కూర్చునే ఆయన భార్య చెబుతుంది. మేం ఆవిడను అమ్మగారంటాం.

ఆ సంవత్సరం చలి మొదలవుతూనే ఆ భయం నిజమైంది. ఒకావిడ తన పొడుగు కోటు తీసుకుంటూ భుజం దులిపింది. దాని మీద నుంచి చిన్న రెక్కల పురుగు ఒకటి లేచి, వంకరటింకరగా ఎగిరి, ఆవిడ ముక్కు మీద వాలింది.

"కోటు శుభ్రం చేసివ్వమంటే, చిమ్మెటల్ని పెంచి ఇస్తారా?" అని ఆవిడ అరిచిన అరుపుకు లోపల ఇస్త్రీ చేస్తున్నవాళ్లు బయటికొచ్చారు.

ఆ తరువాత చూస్తే గోడ మీద ఒకటి, ట్యూబులైటు దగ్గర రెండు, గంజిగారి గంజి కాలరు మీద ఇంకొకటి. ఆయన కలరా ఉండలు సంచీడు తెచ్చి మూలమూలనా పోశారు. వచ్చినవాళ్లు తుమ్ముతూ వచ్చి దగ్గుతూ వెళ్లారు. చిమ్మెటలు మాత్రం చుట్టాలింటికి వచ్చినట్టు హాయిగా తిరిగాయి.

చివరికి ఆయన వదిన బల్ల దగ్గరికొచ్చి అడిగారు.

"ఏమమ్మా, ఉన్ని కొట్టే పురుగు సంగతి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు? అవి చేసిన చిల్లులేగా నువ్వు పూడ్చేది! ఇదేం పురుగో చూసి చెప్పు."

వదిన గోడ మీదున్న దాన్ని ఒడుపుగా పట్టుకుంది. కిటికీ దగ్గరికి తెచ్చింది. బట్టను చూసినట్టే రెక్కను రెండు వేళ్ల మధ్య పెట్టి నెమ్మదిగా రాసింది. తరువాత భూతద్దం పెట్టింది. రెక్క మీద గీత లేదు, చుక్క లేదు. పలచగా, వెలిసిపోయినట్టు, బోసిగా ఉంది.

"ఉన్ని చిమ్మెటేనండి," అంది. "ఉన్ని కొట్టేదాని రెక్క మీద ఏ గుర్తూ ఉండదని మా గురువుగారు చెప్పేవారు. దీని మీద కూడా ఏమీ లేదు."

ఇంకొకరైతే ఆ మాట అనేముందు కాస్త ఆలోచించేవారు. తన గొయ్యి తానే తవ్వుకోవడం అంటే ఏమిటో ఆ మధ్యాహ్నం మా వదిన చేసి చూపించింది. గంజిగారు ఇబ్బంది పడుతూనే చెప్పారు.

"చూడమ్మా, చిల్లులు పడ్డ ఉన్ని బట్టలన్నీ వచ్చేది నీ బల్ల మీదికే. పురుగు వాటితోపాటే వస్తోందన్నమాట. ఇక్కడ రఫూ మానేద్దాం. ఆదివారం బల్ల తీయించేస్తాను. ఇంటి దగ్గర చేసుకో. ఎవరైనా అడిగితే మీ ఇంటికి పంపిస్తాగా."

ఇంటి దగ్గర చేసుకోవడమట! మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద కిటికీ పక్కింటి గోడను చూస్తుంది. మధ్యాహ్నం కూడా లైటు వేసుకుంటే గానీ ఉప్పేదో పంచదారేదో తెలియదు. బాల్కనీలో కూర్చుందామంటే సాయంత్రందాకా నేరుగా ఎండ. వదిన ఒకప్పుడు ఇంట్లో బల్బు కింద ఒక కోటు రఫూ చేసింది. బల్బు కింద అద్భుతంగా ఉంది. పొద్దున బయటికి తీసుకెళితే కుట్టిన చోటు మాత్రం పళ్లికిలించినట్టు మెరిసింది. పైగా ఒక్క చిల్లు కోసం రెండంతస్తులు ఎక్కి వచ్చేదెవరు? ఆ బల్ల పోతే వదిన రఫూ పోయినట్టే. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు.

అన్నయ్యే మౌనం విడిచాడు, అదీ ఒక వింతే.

"నా బస్సులో వెనక సీటు ఖాళీ. కిటికీ కూడా పెద్దది. అక్కడ కూర్చుని కుట్టుకో," అన్నాడు.

"గతుకు వచ్చినప్పుడల్లా కోటును నా వేలితో కలిపి కుట్టుకోనా?" అని వదిన నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "పోనీ అబద్ధం చెప్పాల్సిందా? చిమ్మెటను చూసి చిమ్మెటనే అన్నాను."

నాకు ఒళ్లు మండింది. మా వదినను ఏడిపించే హక్కు నాది. అది ఇంకొకరు చేస్తే నాకు పడదు.

మర్నాడు గ్రంథాలయంలో పని పక్కన పెట్టి పురుగుల పుస్తకాల అరను తిరగేశాను. ఇళ్లల్లో చేరే పురుగుల మీద ఒక లావాటి పుస్తకం దొరికింది, నిండా రంగు బొమ్మలు. ఎవరూ ఎప్పుడూ తీసుకెళ్లినట్టు లేదు, పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. చిమ్మెటల దగ్గరికి వచ్చి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. చిమ్మెట రెక్క మీది రంగులూ మచ్చలూ అన్నీ సన్నటి పొడి రేణువులేననీ, వేలు తగిలితే ఆ పొడి రాలిపోతుందనీ, పొడి రాలిన రెక్కను చూసి అది ఏ జాతిదో చెప్పడం కష్టమనీ అందులో ఉంది. "నిశ్శబ్దం" బోర్డు కిందనుంచి లేచి, వరండాలోకి పరిగెత్తి ఫోను చేశాను.

"వదినా, నిన్న ఆ పురుగును ఎలా చూశావు?"

"ఎలా ఏమిటి? కిటికీ దగ్గర పెట్టి చూశాను."

"చేత్తో ముట్టుకున్నావా?"

"ముట్టుకోకుండా ఎలా చూస్తారే?"

"రెక్కను రాశావా, ఉన్నిని రాసినట్టు?"

"ఊరికే ఒక్కసారి. మెత్తగానే రాశాను."

"వేలికేమైనా అంటిందా?"

"అంటింది," అంది మెల్లగా. "రాగి రంగు పొడి. ఏదో కోటు దుమ్మనుకుని ఏప్రానుకు తుడిచేసుకున్నాను."

"అది దుమ్ము కాదు తల్లీ, దాని రెక్క మీది డిజైను! దాని మొహం నువ్వే తుడిచేసి, దీనికి మొహమే లేదని సాక్ష్యం చెప్పావు!"

వదిన ఫోను పెట్టేసింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. కోపం కాదు. వెంటనే వెళ్లి గోడ మీద కూర్చున్న ఇంకొక చిమ్మెట ముందు నిలబడిందట. చేతులు వాటంతట అవే లేస్తాయన్న భయంతో రెండు చేతులూ ఏప్రాను జేబుల్లో దోపుకుని మరీ చూసిందట. ఇస్త్రీ చేసే అతను, "ఏంటక్కా, గోడకు క్షమాపణ చెబుతున్నావా?" అని అడిగాడట. ఆ సాయంత్రం ఆ చిమ్మెట మీద గాజు గ్లాసు బోర్లించి, కింద నుంచి అట్టముక్క దూర్చి, గ్లాసుతో సహా ఇంటికి తెచ్చింది.

చల్లబడితే చిమ్మెట కదలకుండా కూర్చుంటుందని పుస్తకంలో ఉంది. అందుకని గ్లాసును ఫ్రిజ్‌లో పెట్టాం. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచిన అన్నయ్య చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.

"మనకు ఫ్యానే దిక్కు. దీనికేమో చల్లటి గదా?" అన్నాడు.

"అది సాక్షి. జాగ్రత్తగా చూసుకోవాలి," అన్నాను.

బాల్కనీలో ఇంకా వెలుతురుంది. గ్లాసు తీసి, పిట్టగోడ మీద తెల్ల కాగితం పరిచి, దాని మీద ఆ గడ్డకట్టిన సాక్షిని దించాం. వదిన భూతద్దం పట్టుకుంది. ఈసారి రెండో చేతిని నేను పట్టుకున్నాను.

"అబ్బ!" అంది వదిన. "దీనికి రెండు తానుల గుడ్డ కలిపి కుట్టారే! తల వైపు మూడో వంతు వెన్న రంగు. మిగతాదంతా రాగి. రెండూ కలిసేచోట ముదురు రంగు గీత, అంచు తిప్పినట్టు. రాగి ముక్క మీద ఇంకా సన్న గీతలున్నాయి. ఎంత నేర్పు! దీన్నా నేను తుడిచేసింది?"

నేను పుస్తకం పక్కన పెట్టాను. అందులో ఒకే పేజీలో మూడు బొమ్మలున్నాయి. మొదటిది బంగారు రంగులో, ఏ మచ్చా లేని ఉన్ని చిమ్మెట. రెండోది కూడా ఉన్నిదే, కానీ బూడిద రంగు. ఒక్కో రెక్క మీద మూడు చుక్కలు. మూడోది వెన్న రంగు, రాగి రంగు కలిసినది. దాని కింద ఉన్నదాన్ని నేను గట్టిగా చదివాను. పప్పులు, గింజలు, పిండి దీని ఆహారం. ఉన్ని జోలికి పోదు.

"పప్పు చిమ్మెట," అంది వదిన.

"పప్పు చిమ్మెటే," అన్నాను. "ఇంకోటి విను. ఏ చిమ్మెటైనా రెక్కలొచ్చాక ఉన్నీ తినదు, పప్పూ తినదు. తినేదంతా పిల్ల పురుగుగా ఉన్నప్పుడే."

"అంటే ఎగిరేది తినదు, తినేది ఎగరదు," అంది వదిన. అని రెండో బొమ్మను మళ్లీ దగ్గరగా చూసింది. "ఈ చుక్కలదాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్లూ చిల్లుల్నే చూశాను గానీ, కొట్టినవాళ్లను చూసిందెక్కడ?"

ఆదివారం దుకాణానికి సెలవు. బల్ల తీయించడానికి గంజిగారు, అమ్మగారు వచ్చారు. మేమిద్దరం గ్లాసుతో, పుస్తకంతో వెళ్లాం. బల్లను మోసుకెళ్లడానికి తోపుడుబండి తెస్తానని అన్నయ్య ఇంకోవైపు వెళ్లాడు. మా గెలుపు మీద అతనికి ఏపాటి నమ్మకముందో దాన్నిబట్టే తెలుస్తుంది. మేం వెళ్లేసరికి బల్ల అప్పటికే కిటికీ దగ్గర నుంచి తలుపు దాకా వచ్చేసి ఉంది.

"మొన్న ఉన్ని చిమ్మెటన్నావు, ఇవాళ పప్పు చిమ్మెటంటున్నావు. రేపు సీతాకోకచిలుకంటావా?" అన్నారు గంజిగారు.

"మొన్న తప్పు చెప్పాను సార్. వేలితో మచ్చలు చెరిపేసి చూశాను," అంది వదిన. "ఇవాళ ముట్టుకోలేదు. మీరే చూడండి. దయచేసి మీరు కూడా ముట్టుకోకండి."

ఆయన భూతద్దంలోంచి చూశారు. పుస్తకంలో చూశారు. మళ్లీ భూతద్దంలో చూశారు. చూస్తూ చూస్తూ మెడను కాలరులోంచి కాస్త బయటికి చాచారు కూడా.

"రంగులు సరిపోయాయి, ఒప్పుకుంటాను. కానీ నా దుకాణంలో పప్పులెక్కడివి? ఇదేమైనా కిరాణా కొట్టా?"

అలా అంటూనే ఆయన చూపు ఒక్కసారి అటక మీదికి వెళ్లింది. వెంటనే కిందికి వచ్చింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం మా వదిన గమనించిందో లేదో గానీ, అమ్మగారు గమనించారు. ముప్పై ఏళ్ల కాపురం మరి.

వదిన అప్పటికే గోడలు చూస్తోంది. పిల్ల పురుగులు గూడు కట్టుకోవడానికి గోడెక్కుతాయని పుస్తకంలో చదివాం. కౌంటరు వెనక గోడా పైకప్పూ కలిసే మూలల్లో తెల్లటి చిన్న గూళ్లు అక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి. అటకకు దగ్గరయ్యేకొద్దీ గుంపులు గుంపులుగా ఉన్నాయి. నేను స్టూలెక్కాను. విరిగిన హ్యాంగర్ల పెట్టె వెనక ఒక గుడ్డసంచీ. కిందికి దించి విప్పితే, జీడిపప్పూ బాదంపప్పూ బూజు దారాలతో ముద్దకట్టి, లోపల ఏవో మెదులుతున్నాయి.

అమ్మగారు నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"డాక్టరు వద్దన్నాడని నేను ఇంట్లో మానిపిస్తే, మీరిక్కడ అటక మీద వేరు కాపురం పెట్టారా?"

"ఎప్పటిదో అది. పెట్టి మరిచిపోయాను," అన్నారు గంజిగారు, తేలు కుట్టిన దొంగలా.

"మరిచిపోబట్టే పురుగులైనా తిని బాగుపడ్డాయి!"

నేను స్టూలు మీద నుంచి పడకుండా నవ్వడానికి దండెం పట్టుకోవాల్సి వచ్చింది. వదిన మాత్రం పంటి బిగువున నవ్వు ఆపుకుంది. మర్యాద గల మనిషి.

పరువు పోయిన మగవాడికి ఏదో ఒక మాట మిగలాలి కదా. గంజిగారు సంచీని బయట పడేసి వచ్చి, చొక్కా సర్దుకుని, "సరే. ఎగిరేవి నావే. అంతమాత్రాన ఉన్ని తినేవి లేవని నమ్మకమేమిటి?" అన్నారు.

"లేవని నేనూ చెప్పలేను సార్," అంది వదిన. "వెతికితే గానీ తెలియదు. అవి లైటు దగ్గరికి రావు. చీకట్లో, ఎవరూ కదపని చోట ఉంటాయి."

నేను వెనక నుంచి గిల్లాను. గెలిచిన ఆటను మళ్లీ మొదటి నుంచి ఆడేవాళ్లుంటారా? మా వదిన ఆడుతుంది. తన బల్ల కింద ఉన్న ఉన్ని బట్టలన్నీ ఒక్కొక్కటే దులిపి, మడతలు విప్పి చూసింది. ఏమీ లేదు. దండేల మీదివి చూశాం. రోజూ వచ్చేవి, పోయేవి. వాటిలోనూ ఏమీ లేదు. చివరికి ఇస్త్రీ గది వెనక గోడకు ఆనించిన ఒక చెక్క బీరువా మిగిలింది. తాళం వేసి ఉంది.

"అందులో దుకాణం బట్టలు లేవు," అన్నారు గంజిగారు గబగబా. "మా నాన్నగారి కోటు ఒక్కటే."

"ఆయన పోయాక ఆ బీరువా తెరవలేదు," అన్నారు అమ్మగారు. ఈసారి ఆవిడ గొంతులో వెటకారం లేదు. "ఈయన తెరవనివ్వరు."

"తెరవక్కర్లేదు."

"ఎవరూ కదపని చోటు కదా సార్," అంది వదిన.

ఆయన బీరువా దగ్గరికి నడిచారు. తరువాత తన తాళాల గుత్తిలోంచి ఒక చిన్న తాళంచెవి తీసి, తానే తెరిచారు.

ముదురు గోధుమ రంగు పొడుగు కోటు. తలుపు తీయగానే దాని మీద ఏవో కదిలాయి. ఒక్కటీ ఎగరలేదు. వెలుతురు పడ్డ మరుక్షణం మడతల్లోకి పరిగెత్తాయి. వదిన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగి చూసింది. నేనూ ఆమె భుజం మీద నుంచి చూశాను. కాలరు కింద ఒకటి దాక్కోవడానికి చోటు దొరక్క ఆగిపోయింది. బూడిద రంగు రెక్కలు. రెక్క మీద మూడు చుక్కలు.

"ఇదే," అంది వదిన. గెలిచినట్టు అనలేదు. చావు కబురు చెబుతున్నట్టు అంది.

కోటు వీపు మీద అరచేయంత మేర ఉన్ని పోయి లోపలి గుడ్డ కనిపిస్తోంది. కుడి చేతి మీద జల్లెడలాగా చిల్లులు. చిల్లుల అంచుల్లో వడ్లగింజంత గొట్టాలు వేలాడుతున్నాయి. తిన్న ఉన్నితోనే ఇల్లు కట్టుకుని, ఆ ఇంటిని మోసుకుంటూ తిరిగే పిల్ల పురుగులవి.

గంజిగారు ఇస్త్రీ స్టూలు మీద కూలబడ్డారు. ఇంతసేపూ ఆయన్ని చూసి నవ్విన నేను తల దించుకున్నాను.

"కదిపితే పాడవుతుందనుకున్నాను," అన్నారు. "చూస్తే తట్టుకోలేననుకున్నాను. తాళం వేసి నేనే తినిపించాను కదమ్మా వాటికి!"

అమ్మగారు ఆయన వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశారు. జీడిపప్పు సంగతి ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

వదిన కోటును పెరట్లోకి తీసుకెళ్లి మెత్తటి బ్రష్షుతో మడత మడతా దులిపింది. లోపలికి తెచ్చాక గంజిగారే లేచి ఆవిరి యంత్రం వేశారు. అతుకుల్లో ఒక్క గుడ్డు కూడా మిగలకుండా ఆవిరి పట్టారు. తండ్రి కోటు మీద ఆయన చేతులు అంత జాగ్రత్తగా తిరగడం చూసి, ఈ మనిషికి ఈ పని నేర్పిందెవరో నాకు అర్థమైంది. అప్పుడు వదిన కోటును ఒళ్లో పరుచుకుంది. ఇప్పుడది చిమ్మెట కాదు, బట్ట. మెడ దగ్గర నుంచి అంచు దాకా వేళ్లతో తడుముతూ వెళ్లింది. అంచు మడత కొంచెం విప్పి లోపలి పోగు ఒకటి లాగి, తుంచి చూసింది. తెగలేదు.

"లోపలి పోగులు గట్టిగా ఉన్నాయి సార్. దీని పోగులతోనే దీన్ని పూడ్చొచ్చు."

"అవుతుందా?" అన్నారాయన, నమ్మలేనట్టు.

"అవుతుంది. చలికాలమంతా పడుతుందేమో. కానీ ఈ రంగు మీద ఈ పోగు కనబడాలంటే మంచి వెలుతురు కావాలి. మా ఇంట్లో కుదరదు."

అది బెదిరింపు కాదు, బేరం కాదు. పని మాట. గంజిగారికీ అలాగే వినిపించినట్టుంది. లేచి తలుపు దగ్గరున్న బల్ల ఒక కొస పట్టుకున్నారు. చొక్కా ముందు భాగమంతా దుమ్ము అంటుకుంది. ఆయన చూసుకోలేదు. సరిగ్గా అప్పుడే అన్నయ్య తోపుడుబండిని గుమ్మం దాకా తోసుకొచ్చి, రొప్పుతూ నిలబడ్డాడు.

"బల్ల ఇటు కదా రావాలి? అటు పోతోందేంటి?" అన్నాడు.

"ముందు ఆ రెండో కొస పట్టుకో, తరువాత చెబుతాను," అన్నాను.

ఇద్దరూ మోసుకెళ్లి బల్లను కిటికీ కింద, నేల మీద దాని కాళ్ల గుర్తులున్న చోటే దించారు. వదిన కుర్చీ లాక్కుని, వీపు మీద పెద్ద చిల్లు పైకొచ్చేలా కోటు పరిచి, అక్కడి నుంచి మొదలుపెడతానంది. గంజిగారు పక్కనే నిలబడి ఉన్నారు. ఇన్నేళ్లలో ఆయన వదినను "నువ్వు" తప్ప అనలేదు.

"కాదమ్మా, ముందు కుడి చెయ్యి చెయ్యండి," అన్నారు. "చిన్నప్పుడు నేను పట్టుకుని నడిచింది ఆ చెయ్యే."

వదిన కోటు తిప్పి, కుడి చేతిని వెలుతురులోకి లాక్కుంది.